అలారం మోగితే ఎవరి చోటికి వాళ్ళు

జూన్ 3
కాలేజీ హాస్టల్

అమ్మకు,

చెల్లికి మా కాలేజీలో సీటు వచ్చింది. ఈ నెల ముప్పయ్యో తేదీలోగా ఫారం మీద నువ్వూ నాన్నా సంతకాలు పెట్టి పంపకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఫోను చేస్తే ‘మీ నాన్నకిస్తా’ అని ఇచ్చేస్తున్నావు. నాన్న అంతా బాగానే ఉందని పెట్టేస్తున్నాడు. సంతకం మాట ఎత్తితే, మీ అమ్మ పెడితే నేనూ పెడతానంటాడు. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయడానికి ఉండదు కదా. చెల్లీ, అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఒక్క ముక్క కూడా వదలకు. నీకు ఇబ్బందిగా ఉన్నచోట గొంతు తగ్గించకు.

ఓడ దిగినప్పటి నుంచి మనిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. నీ చెయ్యి తలుచుకుంటే నాకు అన్నం సహించడం లేదు. అదీ కుడి మణికట్టు, కత్తెర పట్టే చెయ్యి. అది విరగడానికి నేనే కారణమని నువ్వు అనుకుంటున్నావని నాన్న మాటల్లో అర్థమైంది. కాబట్టి ఆ రోజు సంగతి నా వైపు నుంచి ఒక్కసారి చెప్పనీ.

మొదటి రెండు రోజులూ ఎంత బాగున్నామో నీకు గుర్తుందా? ఓడకు కర్టెన్లు కుట్టిన మీ కుట్టు షెడ్డు వాళ్ళందరికీ కుటుంబాలతో సహా ఉచితంగా ఓడ షికారు అంటే, నువ్వు వారం ముందు నుంచే అందరికీ చెప్పుకున్నావు. భోజనాల హాల్లో కూర్చోగానే నువ్వు చేసిన మొదటి పని, కర్టెన్ అంచు తిప్పి చూడడం. ఇది నా కుట్టు కాదు, ఆ పక్కది నాది అని వడ్డించే అతనికి చెప్పావు. అతనికి మన భాష రాదు. ఏదో కావాలని అడుగుతున్నావనుకుని కర్టెన్ మూసేశాడు. సముద్రం కనబడకుండా తిన్నాం ఆ పూట. మా గదిలో పై పరుపు కోసం చెల్లీ తమ్ముడూ కొట్టుకుంటే, చివరికి పంతొమ్మిదేళ్ళ గాడిద గెలిచి, లేచిన ప్రతిసారీ తల సీలింగుకు కొట్టుకున్నాడు.

ఇబ్బందల్లా గదులు వేరు కావడం. మీది ఆరో అంతస్తులో ముందువైపు, మాది నాలుగో అంతస్తులో వెనకవైపు. ఓడ కదలకముందే అందరినీ పిలిచి చూపించారు కదా, ప్రమాదం వస్తే ఏ గదివాళ్ళు ఎక్కడ చేరాలో. తాళం కార్డు మీదే అక్షరం ఉంది. మీకు ఏ, మాకు సి. పిల్లలొక చోటా మేమొక చోటా ఏమిటని నువ్వు అప్పుడే ముఖం చిట్లించావు. నేను కూర్చోబెట్టి చెప్పాను. అలారం మోగితే ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళాలి, ఒకరి కోసం ఒకరు వెతకకూడదు, అక్కడ లెక్క తీసుకుంటారు, తక్కువైన మనిషి కోసం వాళ్ళే వెళ్తారు అని. నువ్వు ఊఁ కొట్టావు. ఒప్పుకున్నావనే అనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం నిజంగానే మోగింది. బట్టలుతికే గదిలో మంటలని తర్వాత తెలిసింది. నేను చెల్లినీ తమ్ముడినీ తీసుకుని మా చోటికి వెళ్ళాను. నాన్న పై డెక్కు మీద నుంచి మీ చోటికి వెళ్ళాడు. నువ్వు మాత్రం జనానికి ఎదురు కిందికి దిగావు. చెప్పినట్టు చేసి ఉంటే నీ చెయ్యి ఇవాళ బాగుండేది. తప్పు పట్టడానికి కాదు, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఈ కోపం చెల్లి చదువు మీద పెట్టకమ్మా. మన ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. నువ్వే పంపావు. దానికి నాకంటే చురుకైన బుర్ర.

చేతిని దిండు మీద ఎత్తుగా పెట్టుకో. వేళ్ళు కదుపుతూ ఉండు. తమ్ముడిని బండి నెమ్మదిగా నడపమను.

నీ పెద్దకూతురు

*

జూన్ 8
ఇంటి నుంచి

పెద్దమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. చిన్నది రెండుసార్లు చదివి వినిపించింది. రాసేదీ అదే. నా చెయ్యి బాగానే ఉంది. కట్టు లోపల దురద పెడుతోంది, అల్లిక సూది దూర్చి గోక్కుంటున్నా. అలా చెయ్యకూడదని డాక్టరు అరిచాడు. దురద ఆయనకా నాకా. షెడ్డులో మేస్త్రీ ఖాళీగా కూర్చోవద్దని ఎడమచేత్తో బొత్తాలు ఏరే పని ఇచ్చాడు. పాతికేళ్ళు కుట్టినదాన్ని బొత్తాలు ఏరుతుంటే కొత్తగా చేరిన పిల్లలు జాలిగా చూస్తున్నారు. జాలి చూపులొద్దు, దారం ఎక్కించి పెట్టండి అన్నా.

మీ నాన్న నా జడ వేస్తున్నాడు. బేకరీ వ్యాను నడిపే చేతులు కదా, జడ బిగించాడంటే కనుబొమలు కూడా పైకి పోతున్నాయి.

ఇక్కడ వానలు లేవు. ఉక్కగా ఉంది.

నీ మీద నాకు కోపం ఏమీ లేదు. జరిగిందేదో జరిగింది. చదువు సంగతి, ఫారం పంపించు, చూద్దాం. చిన్నది ఈ మధ్య చాలా బుద్ధిగా ఉంటోంది. పొద్దున్నే లేస్తోంది. ఇంటి పనంతా చేస్తోంది. దాన్ని పంపితే నీకూ తోడు.

జాగ్రత్తగా తిను.

అమ్మ

(అక్కా, ఫారం తొందరగా పంపు. రిజిస్టరు పోస్టులో. — నేను)

*

జూన్ 12
కాలేజీ హాస్టల్

అమ్మా,

నీ ఉత్తరం చదివి మంచం మీద కూర్చుండిపోయాను. నా రూమ్మేటు ఎవరైనా పోయారా అని అడిగింది. మా అమ్మ నాతో మాట్లాడిందని చెప్పాను. నీకు ఆ మాట వింతగా ఉంటుందేమో గాని, ఓడ దిగిన రోజు నుంచి నా గుండెల మీద ఎవరో కూర్చున్నట్టే ఉంది.

ఫారం దీంతో పంపుతున్నాను. పెన్సిలుతో గుర్తు పెట్టినచోట నువ్వూ నాన్నా సంతకం పెట్టాలి. నీ కుడిచెయ్యి కట్టులో ఉందని ఆఫీసులో చెప్పాను. ఎడమ బొటనవేలి ముద్ర అయినా చాలన్నారు. వార్డెనుతో కూడా మాట్లాడేశాను. చెల్లి నా గదిలోనే ఉంటుంది. కిటికీ పక్క మంచం ఖాళీ చేయించాను. అది పొద్దున్నే లేస్తోందంటే మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు. నేనున్నప్పుడు దాని మీద నీళ్ళు చల్లితే గొడుగు అడిగేది.

నీకొక సంతోషం కబురు. ఈ నెల మాకు దగ్గరి బడిలో పాఠాలు చెప్పే శిక్షణ నడుస్తోంది. నాకు నాలుగో తరగతి ఇచ్చారు. ప్రమాదాల్లో ఏం చేయాలి అనే పాఠం వచ్చింది. పుస్తకంలో ఉన్నది పిల్లలు వినడం లేదని, మన ఓడ సంగతే కథగా చెప్పాను. బోర్డు మీద ఓడ బొమ్మ వేసి, మెట్లు వేసి, మనుషులు వెళ్ళే దారికి బాణాలు గీశాను. అన్నీ పైకి, ఒక్కటే కిందికి. ఏది తప్పు బాణం అని అడిగితే తరగతి మొత్తం ఒక్క గొంతుతో కింది బాణం అన్నది. ఆ బాణం మా అమ్మే అని చెబితే అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. నువ్వు ఎదురొచ్చిన వాళ్ళను మోచేత్తో నెట్టుకుంటూ దిగావని ఎవరో అంటే విని నాన్న చెప్పింది కూడా కలిపాను. వెనక కూర్చుని చూస్తున్న మా మేడమ్, ఇంటి అనుభవంతో పాఠం కట్టావు, ఈ ఏడాది నేను చూసినవాటిలో ఇదే బాగుంది అన్నది. అందరి ముందూ అన్నది. నాకు మొదట నువ్వే గుర్తొచ్చావు. నువ్వు పడ్డ కష్టం ముప్పైమంది పిల్లలకు పనికొచ్చింది కదా అనిపించింది.

నాన్న జడ వేయడం చూడాలని ఉంది. ఫొటో తీసి పంపమను.

సంతకాల కోసం ఎదురుచూస్తూ,
నీ పెద్దకూతురు

*

జూన్ 17
ఇంటి నుంచి

పెద్దదానా,

ఇది నడిపోడు రాస్తున్నాడు. చిన్నది రాసిన ఉత్తరంలో నేను చెప్పని మాటలున్నాయని నీ జవాబు చదివితే బయటపడింది. నీ మీద కోపం లేదని నేనలేదు. ఫారం పంపమని అనలేదు. ఫారం పంపొద్దని చెప్పు అన్నా. అది పొద్దున్నే లేస్తోందని అసలే అనలేదు. ఇవాళ కూడా ఎండ ముఖం మీద పడ్డాక లేచింది. దానికి నాలుగు తగిలించాను, ఎడమచేత్తోనే. మళ్ళీ జాలేసింది. దాని బతుకు గురించి దానిచేతే రాయించడం నాదే తెలివితక్కువ.

నా మీద పాఠం చెప్పావా. ముప్పైమంది పిల్లలు నవ్వారా. నువ్వూ నవ్వావా. మంచిది. మీ మేడమ్ మెచ్చుకుంది, ఇంకా మంచిది.

చెయ్యి విరిగిందని నాకు కోపం అనుకుంటున్నావు. షెడ్డులో వేల్లోకి మిషను సూది దిగిన రోజున కూడా నేను సాయంత్రం దాకా కుట్టాను. చెయ్యి గురించి కాదు. నీకు చదువొచ్చు గాని ఆ సంగతి తట్టలేదు. ఇప్పుడు నేను చెబుతా, విను.

ఆ కూత మోగినప్పుడు నేను పడుకుని ఉన్నా. మీ నాన్న గదిలో లేడు. నీళ్ళలో తేలడానికిచ్చిన ఆ ఎర్ర జాకెట్టు ఎలా తొడుక్కోవాలో తెలియలేదు, అక్కడే పడేశా. నువ్వు చెప్పింది గుర్తుంది. మరిచిపోలేదు. కానీ మధ్యాహ్నం పూట మీరు ముగ్గురూ పడుకుంటే చెవి పక్కన డప్పు కొట్టినా లేవరు. కన్నదాన్ని, నాకు తెలీదా. కిందికి దిగా. నెట్టా, అవును, నెట్టా. మీ తలుపు కొట్టా. పలకలేదు. చెప్పు తీసి దాంతో కొట్టా. కాలిన గుడ్డ వాసన వస్తోంది. గుడ్డ కాలితే ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. లోపలే ఉన్నారు, పొగకి స్పృహ పోయింది అనుకున్నా. పేర్లు పెట్టి అరిచా. అప్పుడు ఓడ మనుషులిద్దరు వచ్చి నన్ను లాక్కుపోయారు. తలుపు వంక వెనక్కి చూస్తూ నడిచా, మెట్టు తప్పి పడ్డా. అంతే చెయ్యి సంగతి.

కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోతుంటే మీ చోటు దాటించారు. అద్దాల తలుపులోంచి చూశా. ముగ్గురూ ఉన్నారు. ప్రాణం లేచొచ్చింది. ఆ తరవాత ఇంకా చూశా. వరసగా కూర్చున్నారు. నువ్వు చెల్లెలి చెయ్యి పట్టుకుని నిటారుగా, బడిలో కూర్చున్నట్టు. ముగ్గురి మొహాలూ ముందుకే. ఒక్కరన్నా గుమ్మం వైపు చూడలేదు. నేను తలుపు విరగ్గొడుతుంటే మీరక్కడ కూర్చుని ఉన్నారు.

మీ నాన్న కూడా ఆయన చోట నిలబడ్డాడు. ఆయనతో మాట్లాడుతున్నాను, ఎందుకంటే ఆ మనిషి చెప్పినచోట నిలబడే మనిషని పెళ్ళినాడే తెలుసు. నువ్వు అలాంటిదానివని తెలీదు. ఆ చదువు నీకు ఏం నేర్పిందో ఆ రోజు చూశా. రెండోదానికి కూడా అదే నేర్పించడానికి నేను పంపాలా?

ఒక్క మాట రాయి. మళ్ళీ అలాంటిది జరిగితే ఆ వరస వదిలి నాకోసం వస్తానని. అంతే. రాసి పంపు, అది చదివించుకుని వేలిముద్ర వేస్తా. రాయకపోతే ఫారం పొయ్యిలోకి పోతుంది.

అమ్మ

(అక్కా, చెప్పింది చెప్పినట్టు రాశాను. పొయ్యి అన్నచోట ఇంకా ఏదో అంది, అది నేను రాయను. ఫారం నా దగ్గరే ఉంది, నా మెకానిక్కు పుస్తకాల కింద దాచాను. చెల్లి రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడడం లేదు, అది ఎంత కష్టమో నీకు తెలుసు. అమ్మ అడిగిన ఆ ఒక్క ముక్క రాసి పడెయ్. మళ్ళీ మనం ఓడ ఎక్కేదెప్పుడు, అమ్మ పరీక్ష పెట్టేదెప్పుడు.)

*

జూన్ 21
కాలేజీ హాస్టల్

అమ్మా,

తమ్ముడూ, ఇది చదివేటప్పుడు నీ సొంత కవిత్వం కలపకు. చెల్లిని కూడా పక్కన కూర్చోబెట్టు.

ముందు పాఠం సంగతి. అది నేను చేయకూడని పని. నీ బాధను తీసుకెళ్ళి నలుగురి మధ్యా ఆటబొమ్మ చేశాను, పైగా నీకే గొప్పగా రాశాను. నిన్న అదే తరగతికి వెళ్ళి, ఆ అమ్మ కిందికి ఎందుకు దిగిందో, తలుపు దగ్గర ఏం చేసిందో చెప్పాను. పిల్లలు నవ్వలేదు. ఒక అమ్మాయి, మరి వాళ్ళు లోపల లేరని ఆమెకు ఎవరూ చెప్పలేదా టీచర్ అని అడిగింది. మా మేడమ్ ఈసారి పాఠం దారి తప్పిందని నోటు రాసింది.

ఇక నువ్వడిగిన మాట. దాని గురించి రెండు రోజులు ఆలోచించాను. తమ్ముడు చెప్పినట్టు ఒక్క ముక్కే. రాస్తే చెల్లి వచ్చేస్తుంది. కాగితం ముందు పెట్టుకుని, ‘వస్తానమ్మా’ అని రాసి కూడా చూశాను. చింపేశాను. నువ్వు చదువుకోలేదు కాబట్టి కాగితం మీద ఏది ఉన్నా నమ్ముతావు. నా మీద నమ్మకం పోయిన నీకు అబద్ధం చదివి వినిపింపజేసి వేలిముద్ర వేయించుకుంటే, ఆ తర్వాత నీ ముఖం ఎలా చూడను?

రానమ్మా. మళ్ళీ అలాంటిది జరిగినా నేను అక్కడే కూర్చుంటాను.

అయితే నువ్వు చూడనిది ఒకటి ఉంది. ఇంతవరకూ నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు జాకెట్ల కోసం వరసలో నిలబడ్డాడు, వాడికీ తెలియదు. మేము చేరగానే చెల్లి లేచి నిలబడింది. అక్కా, అమ్మ మన గదికే వెళ్తుంది అన్నది. నేను కూర్చోమన్నాను. మళ్ళీ లేచింది. అప్పుడు చెయ్యి పట్టుకున్నాను. గట్టిగా పట్టుకున్నాను, దాని మణికట్టు మీద నా గోళ్ళ గుర్తులు పడ్డాయి, అడుగు. అది చెప్పింది నిజమని నాకూ తెలుసు. నువ్వు ఊఁ కొట్టినా కిందికే దిగుతావని కార్డులిచ్చిన మొదటి రోజే నాకు తెలుసు. అందుకే లెక్క తీసుకునే ఆమె రాగానే, మా పేర్లకంటే ముందు మా గది నంబరు చెప్పాను. మా అమ్మ అక్కడ తలుపు కొడుతూ ఉంటుంది, ఎవరినైనా పంపండి అన్నాను. ఆమె చేతిలోని రేడియోలో ఆ నంబరు చెప్పింది. నీ దగ్గరికి వచ్చిన ఆ ఇద్దరూ అలా వచ్చినవాళ్ళే. మేము లోపల లేము, క్షేమంగా ఉన్నామని నీకు చెప్పమని కూడా అడిగాను. వాళ్ళు చెప్పే ఉంటారు. నీకు అర్థమయ్యే భాషలో కాదు. అది నాకు తట్టలేదు.

ఈ సంగతి మొదటి ఉత్తరంలోనే ఎందుకు రాయలేదంటే, నువ్వు ఎక్కడున్నావో తెలిసి కూడా కూర్చున్నానని రాయాల్సి వస్తుంది. విరిగిన చెయ్యి గురించి రాయడం దానికంటే తేలికైంది.

గుమ్మం వైపు ఎందుకు చూడలేదంటే, నేను తల తిప్పితే చెల్లి లేస్తుంది. నేను భయపడుతున్నానని దానికి తెలిస్తే నా చెయ్యి విడిపించుకుని పరుగెత్తుతుంది. పదిహేడేళ్ళ పిల్ల, నాకంటే బలమైంది. అప్పుడు నువ్వు కింద, అది మెట్ల మీద. అందుకని ఎదురుగా గోడ మీదున్న బొమ్మను చూస్తూ కూర్చున్నాను. నిన్ను మోసుకుపోయింది నేను చూడలేదు. ఆ పూటంతా నువ్వు బతికి ఉన్నావో లేదో తెలియకుండానే నిటారుగా కూర్చున్నాను. నీకు బడిలో కూర్చున్నట్టు కనిపించింది. మన ఇంట్లో ఎవరికీ ఇలా కూర్చోవడం అలవాటు లేదు, ఒకరికేదన్నా అయితే అందరం గుమ్మంలోకి పరుగెత్తేవాళ్ళమే. నాకూ పరుగెత్తాలనే ఉండింది.

నా చదువు మీద నీకు కోపం ఉండనీ. నేను నీలాంటిదాన్ని కాదని అనుకో, ఏమీ అనను. కానీ చెల్లిని పంపమని అడిగేది ఆ రోజు నువ్వు చూసినదాన్ని బట్టే. ఇక్కడ అది నీకు దూరంగా ఉంటుంది. దానికి ఏ కష్టం వచ్చినా నువ్వు పరుగెత్తి రాలేవు. నువ్వు రాలేనిచోట, అది ఎంత గింజుకున్నా దాని చెయ్యి వదలని మనిషి ఒకరుండాలి. అలాంటి మనిషిని నువ్వు అద్దాల తలుపులోంచి నీ కళ్ళతో చూశావు. ఆ మనిషి మీద నీకు కోపం రావడం న్యాయమే. చిన్నదాన్ని అప్పగించడానికి మాత్రం అంతకంటే నమ్మకమైన మనిషి నీకు దొరకదు.

చెయ్యి కట్టు ఎప్పుడు విప్పుతారో నాన్నను అడిగి రాయించు. ఆ అల్లిక సూది మాత్రం దయచేసి పక్కన పెట్టు.

ఆఫీసు ముప్పయ్యో తేదీ సాయంత్రం మూసేస్తారు. పోస్టుకు రెండు రోజులు పడుతుంది. నీ వేలిముద్రతో ఫారమైనా, పంపను అన్న మాటైనా, ఇరవై ఎనిమిదో తేదీకల్లా నాకు చేరేలా జవాబు రాయించు. తమ్ముడిచేతే రాయించు.

నీ పెద్దకూతురు